మైదా బంకతో అతికించిన ఊరు

ఆ రోజుల్లో రెండు పట్టికలు కలపడమంటే నిజంగానే చేతులతో కలపడం. ఇప్పుడు మా మనవరాలు భూముల లెక్కలున్న పెద్ద పెద్ద పట్టికలు రెండు కంప్యూటర్లో తెరిచి, ఏదో మీట నొక్కి, కాఫీ సగం తాగేలోపు రెంటినీ ఒకటి చేసేస్తుంది. వరసలు కుదరకపోతే ఆ సాఫ్ట్‌వేరే ఎర్ర అక్షరాలు చూపించి ఆగిపోతుందట. "నీకెందుకు నవ్వొస్తోంది అమ్మమ్మా?" అని మొన్న అడిగింది. మా కాలంలో అలా ఆగేది ఏదీ ఉండేది కాదు, మేమూ ఆగేవాళ్ళం కాదు, అందుకే నవ్వొచ్చిందన్నాను. దానికి అర్థం కాలేదు. (అప్పట్లో నాకూ ఏమీ అర్థం కాలేదు కాబట్టి దాన్ని తప్పు పట్టను.)

పంతొమ్మిది వందల అరవైల్లో సంగతి. పల్నాడుకి కాలవలో కృష్ణ నీళ్ళు వస్తాయని ఊరూరా చెప్పుకుంటున్నారు. ఏ చేనుకి నీరెక్కుతుంది, ఏ చేనుకి ఎక్కదు అనేది తేల్చడానికి నరసరావుపేటలో ఒక అద్దె ఇంట్లో చిన్న ఆఫీసు తెరిచారు. స్కూలు ఫైనలు పాసై ఇంట్లో కూర్చున్న నన్ను అందులో టెంపరరీ గుమాస్తాగా తీసుకున్నారు. మిషన్ బళ్ళో పంతులుగా పనిచేసిన మా నాన్న, కళ్ళకి శుక్లాలొచ్చి బడి మానేశారు. ఇంట్లో పొయ్యి వెలగాలన్నా, ఆయన కళ్ళ ఆపరేషను జరగాలన్నా నా జీతమే దిక్కు. అందుకని ఆఫీసులో ఎవరు తుమ్మినా నా ఉద్యోగం పోయిందేమోనని ఉలిక్కిపడేదాన్ని. నా పక్క బల్ల దగ్గర స్కేలు బాబాయి. కాగితాల మీద గీతలు గీయడం ఆయన పని. టీ తాగేటప్పుడు కూడా చంకలో స్కేలు ఉండాల్సిందే. మా పై అధికారికి మేం పెట్టుకున్న పేరు కాంటూరు గారు, కాంటూరంటే మ్యాపులో ఎత్తు చూపించే గీత. మనిషి మంచివారే. కాకపోతే నేల ఎత్తుపల్లాలు తప్ప ఇంకేం మాట్లాడేవారు కాదు. ఓసారి హోటల్లో దోసె చూసి ఇది మధ్యలో పల్లంగా ఉందన్నారు.

గురజాల వైపు ఒక ఊరికి సంబంధించి మాకు రెండు పట్టికలొచ్చాయి. సర్వేవాళ్ళు పంపిన దాంట్లో ఒక్కో సర్వే నంబరుకి నేల ఎంత ఎత్తు, నీరెక్కుతుందా లేదా అని ఉంది. కరణంగారు పంపిన దాంట్లో ఏ నంబరు ఎవరిదో ఉంది. "తిరగరాస్తే తప్పులొస్తాయి. రెండూ పక్కపక్కన పెట్టి అతికించండి, అంతే" అన్నారు కాంటూరు గారు. సరే, ఇంటి దగ్గర మైదా పిండి ఉడకేసి గిన్నెతో బంక తీసుకెళ్ళాను. నడవాలో చాపలు పరిచి, కాగితం పక్కన కాగితం, గీతకి గీత కలిపి ఆ చివరిదాకా అతికించుకుంటూ వెళ్ళాం. మొదటి పేజీ చూస్తే ముచ్చటేసింది. చివరికొచ్చేసరికి మాత్రం కరణంగారి పట్టిక మూరెడు పొడుగు మిగిలింది.

"ఇదేంటి బాబాయ్, మిగిలిపోయింది?" అన్నాను. ఆయన స్కేలు పెట్టి రెండుసార్లు కొలిచి, "నా గీతల్లో తేడా రాదమ్మాయ్. కరణంగారి రాత పెద్దది, అందుకే సాగింది" అన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు, కానీ నమ్మకపోతే ఏం చెయ్యాలో కూడా తెలియలేదు. మిగిలిన మూరెడూ వెనక్కి మడిచి నీటుగా బంక పూసేశాం. కాంటూరు గారు చూసి, కింది అంచు సమానంగా ఉందని మెచ్చుకున్నారు.

ఆ వారమే జీపులో ఊరికి వెళ్ళాం. చావిడి ముందు జనం కూర్చున్నారు. కాంటూరు గారు పట్టిక విప్పి చదవడం మొదలుపెట్టారు. కాసేపు బాగానే సాగింది. తర్వాత పంచాయతీ ప్రెసిడెంటు గారి పొలం రాళ్ళగుట్ట, నీరెక్కదు అని వచ్చింది. ఆయన నిదానంగా లేచి, "పొద్దున చూసొచ్చా గదయ్యా, నల్లరేగడే. ఇంతలో గుట్ట ఎప్పుడయ్యింది?" అన్నాడు. మేకలు కాసుకునే ఒకాయన గుట్ట వాలు రెండు పంటల మాగాణి అయింది. ఆయన మాత్రం "ఆఫీసోళ్ళు చదువుకున్నోళ్ళు, ఊరికే రాస్తారా" అని మమ్మల్ని వెనకేసుకొచ్చాడు. చర్చి వెనక సమాధుల దొడ్డి వరికి పనికొస్తుందనేసరికి సంఘపెద్ద గారు, "నారు పోసేముందు అందులో ఉన్నోళ్ళని యాడికి పొమ్మంటారు?" అని ఎంతో మర్యాదగా అడిగారు. కాంటూరు గారు కాగితం కేసి చూస్తారు, ఊరి కేసి చూస్తారు, మళ్ళీ కాగితం. తప్పెక్కడో నాకూ అంతుపట్టలేదు.

అంతా అయ్యాక, ఊళ్ళో అందరూ దొడ్డమ్మ అని పిలిచే ఒకావిడ నా దగ్గరకొచ్చి, "ఏమే అమ్మాయ్, అందరివీ చదివారు. నా పేరు రాలా. నా చేని చెక్క ఏమైంది, కాలవోళ్ళు ఎత్తకపోయారా?" అంది. కాంటూరు గారు పట్టిక తిప్పి చూశారు. వెనక మడత కనిపించింది.

"ఇదేంటమ్మా?"

"పొడుగెక్కువైందండీ."

"ఎక్కువైతే?"

"మడిచామండీ."

ఆయన గోటితో మడత ఊడదీశారు. దొడ్డమ్మా, ఆవిడతో పాటు ఇంకొంతమందీ అందులో ఉన్నారు. పైనుంచి వెతుక్కుంటూ వస్తే అసలు సంగతి తేలింది. అన్నదమ్ములు వాటాలు పంచుకున్న చోట కరణంగారు ఒకే నంబరుని రెండు మూడు వరసలుగా రాశారు. సర్వేవాళ్ళు మాత్రం ఒక్క వరసే రాశారు. మొదటి పంపకం దగ్గర ఒక వరస జారి, అక్కణ్ణించి ఒకరి పేరు పక్కన ఇంకొకరి నేల పడుతూ ఊరంతా కిందికి జారిపోయింది. స్కేలు బాబాయి నొచ్చుకుని, "అన్నదమ్ములు విడిపోయిన సంగతి మాకెవురు చెప్పారండీ?" అన్నారు.

తిరుగు దారిలో జీపులో నాన్నతో ఏం చెప్పాలా అని తప్ప నాకు వేరే ఆలోచన లేదు. మర్నాడు భయం భయంగా వెళితే కాంటూరు గారు పిలిచి, "ఈ పని అనుకున్నదానికన్నా చిక్కుగా ఉందని పైకి రాశాను. మీ ఇద్దర్నీ ఇంకొన్నాళ్ళు ఉంచుతారు" అన్నారు. ఎందుకుంచారో అర్థం కాక, అడిగితే మనసు మార్చుకుంటారేమోనని నోరు మూసుకున్నాను. ఆ కొన్నాళ్ళు సాగి సాగి చాలాకాలమే నడిచింది. నాన్నకి గుంటూరులో ఒక కంటికి ఆపరేషను అయింది. రెండో కంటికి కూడా చేద్దామన్నారు డాక్టర్లు. ఈలోగా బాబాయి నంబరు పిలవడం, నేను రెండో పట్టికలో అదే నంబరు వెతికి పక్కన రాయడం, ఇలా ఊరంతా మళ్ళీ కలిపాం. ఈసారి ఏదీ మిగల్లేదు, ఎవరూ మడతలోకి పోలేదు. ఊళ్ళో చదివితే ఎవరూ లేవలేదు. (మేకలాయన మాత్రం చాలా దిగులుగా కూర్చున్నాడు.)

మర్నాడు కాంటూరు గారు మాకు పకోడీలు తెప్పించారు. తిన్నాక చెరో కాగితం చేతిలో పెట్టి, "చక్కగా చేశారమ్మా. పని అయిపోయింది కదా, ఇక రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నారు.

నేను నిలబడిపోయాను. "తప్పు చేసినప్పుడు ఉంచారు. సరిగ్గా చేస్తే పొమ్మంటారేంటండీ?" అని అడిగాను. ఎదురు మాట్లాడటం నాకదే మొదలు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నిజమేనమ్మా. నాకూ అర్థం కావడం లేదు" అన్నారు. నాన్న రెండో కన్ను గుర్తొచ్చి అక్కడే ఏడ్చేశాను.

కొన్ని నెలల తర్వాత నాకు బళ్ళో పని దొరికింది, నాన్న ఆ కంటికీ ఆపరేషను అయింది. అదంతా వేరే సంగతి. కానీ ఆ సాయంత్రం ఆఫీసు మెట్ల మీద పకోడీల నూనె అంటిన చేతులతో కూర్చుని, ఊరి చివర ఒక్క చేనైనా తప్పుగా రాసి ఉండాల్సింది కదా అని మనస్ఫూర్తిగా బాధపడిన ఆ పిల్ల ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది. నవ్వొస్తుంది, పాపం అనిపిస్తుంది.