ఇసుక కింద బాపు కేక

గ్రంథాలయం గోడపత్రికలో నా వంతు గురువారం. అప్పటిదాకా ఆగలేక ఈ సాయంత్రమే రాసి అంటిస్తున్నాను.

ఆదివారం కదా అని బాపు, చెల్లె, నేను గోదావరికి వెళ్లాం. సముద్రం చూడని నేను దానికి పుస్తకాల్లో నేర్చుకున్న కొత్త మాటతో ‘సముద్రతీర విహారం’ అని పేరు పెట్టాను. స్నానాలు చేసి, సద్ది తిన్నాక బాపు ఇసుకలో వెల్లకిలా పడుకుని గురక పెట్టాడు. మేము నవ్వుకుంటూ ఆయన మీద ఛాతీదాకా తడి ఇసుక కప్పాం.

బాపు కదలబోయి కదలలేకపోయాడు. కళ్లు తెరవకుండానే కేక పెట్టాడు.

“బండ వడ్డది! గుంజు కొమురన్నా, నన్ను గుంజు!”

చెల్లె ఏడుపు అందుకుంది. నేను రెండు చేతులా ఇసుక తోడేశాను. లేచి కూర్చున్నాక కూడా బాపు ఒంటి మీది ఇసుక దులుపుకుంటూనే ఉన్నాడు. మా పక్క క్వార్టరు కొమురయ్య కాక నిరుడు బొగ్గుబాయిలో పైకప్పు బండ పడి చనిపోయాడని మాకు తెలుసు. అప్పుడు బాపు కూడా అక్కడే ఉన్నాడని తెలియదు.

“నువ్వు గూడ బండ కింద వడ్డవా బాపూ?”

“నన్ను గుంజినంక ఇంకో బండ గాయిన మీద వడ్డది బిడ్డా.”

“మాకెందుకు చెప్పలే?”

“చెప్తే మల్ల బాయిల దిగనిస్తరా మీరు?”

ఇంటికి రాగానే అమ్మ, “మంచిగ నిద్రవోయినవా?” అని అడిగింది. “మస్తు వోయిన” అన్నాడు, నా వైపు చూడకుండా.

రేపు బాపుకు పొద్దటి షిఫ్టు. ఇన్ని కొత్త మాటలు నేర్చుకున్నాను గానీ, ‘పోకు’ అన్న ఒక్క మాట నోటికి రావడం లేదు. మీ ఇళ్లలోనూ బాయికి వెళ్లేవాళ్లున్నారు. మీరైతే అంటారా?