కమలాదేవి చెక్క వసారా

స్టేషన్ ఘన్‌పూర్‌లో కమలాదేవి ఇంటి మేడమీద ముందువైపు టేకు చెక్కల వసారా ఉండేది. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో విద్యార్థులు దాని మీదే గుడ్డలు పరిచి నినాదాలు రాశారు. ఎర్రరంగు గుడ్డల్లోంచి దిగి చెక్కలకు పట్టింది. గీకించి బాగు చేయిద్దామని ఆమె ఎప్పుడడిగినా, అది చరిత్ర అనేవారు భర్త విద్యాసాగర్. వచ్చినవాళ్లకల్లా చూపించేవారు. ఆ చరిత్ర మీద ఆమె వడియాలు ఆరబెట్టుకునేది.

డెబ్బై ఎనిమిదిలో ఆయన పార్టీ మారారు. కొత్త పార్టీ నాయకుడు భోజనానికి వస్తున్నారని కబురు రాగానే మేడెక్కి, చెక్కలను చాలాసేపు చూసి, "దీన్ని జర గీకియ్యాలె," అన్నారు.

వడ్రంగి పోశాలు పెళ్లి మంచాల పనిలో ఉన్నాడు. కమలాదేవే కొంగు బిగించింది. పగిలిన సీసా పెంకుతో గీకింది, ఉప్పు కాగితంతో రుద్దింది. పోశాలు చెప్పిపంపినట్టు పాన్‌లో వేసే కాచు మరిగించి, ఆ నీళ్లు పట్టించింది. చెక్కలన్నీ ఒకే రంగుకు వచ్చాయి. చేతులు బొబ్బలెక్కాయి. అయినా, మళ్లీ తెల్లారి మొదటినుంచి చేయక్కర్లేని పని ఆ ఇంట్లో ఇదొక్కటేనని ఆమెకు తోచింది. చివరికి అవిసెనూనె పూసింది. అప్పుడే ముసురు పట్టింది.

నాయకుడు వచ్చిన రోజు ఆమె మెట్ల దగ్గరే చెప్పింది. "పైకి పోవద్దు. నూనె ఇంకా ఆరలే."

"టేకు చెక్కనాయె, ఆరుడేంది," అంటూ విద్యాసాగర్ అతిథిని పైకి తీసుకుపోయారు.

నాయకుడు కుర్చీ వద్దని, సాదా మనిషిలా చెక్కల మీదే కూర్చున్నారు. విద్యాసాగరూ కూర్చున్నారు. రైతుల కష్టాల గురించి మాట్లాడుకున్నారు. లేచి చూస్తే ఇద్దరి తెల్ల పంచెలకూ వెనుక గుండ్రంగా కాచు రంగు దిగింది. అక్కడినుంచి పాలకుర్తి సభకు పోవాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఇస్త్రీ పంచె నాయకుడికిచ్చి, విద్యాసాగర్ మరక పంచెతోనే బయల్దేరారు.

సభ ముగిసేదాకా విద్యాసాగర్ కుర్చీలోంచి లేవలేదు. దండ వేయమని పిలిచినా లేవలేదు. ఆయనా పంచె మార్చుకునే వచ్చారనుకున్న నాయకుడు దాన్ని పొగరనుకున్నారు. విద్యాసాగర్ ఆశపడ్డ పంచాయతీ సమితి పదవి ఇంకొకరికి పోయింది.

"నీ నూనె నా పదవి తిన్నది," అన్నారు ఇంటికొచ్చి.

"ఆరలేదని చెప్పిన," అంది కమలాదేవి.

అయినా ఆయన టీ మాత్రం పైకే తెప్పించుకుని, చెక్కల మీద కాళ్లు చాపుకుని తాగేవారు.

పక్కింటి లీలావతి తమ తలుపులకూ అట్లాగే చేసిపెట్టమని అడిగింది. విద్యాసాగర్ ఇంటి పరువు గురించి చాలాసేపు మాట్లాడారు. కమలాదేవి అంతా విని, మర్నాడు పాతచీర కట్టుకుని వెళ్లింది. వచ్చే ఎండాకాలానికి ఆ వీధిలో ఆమె చేయి పడని తలుపు లేదు.