నర్సమ్మ నమ్మిన చెయ్యి

ఆళ్లగడ్డలో నర్సమ్మ పోయిందని మొన్న మంగళవారం బస్సు కండక్టరు మా నాయనకు చెప్పాడట. నంద్యాలలో నేను పరీక్షకు చదువుకుంటూ ఉంటే నాయన గది వాకిట్లో నిలబడి, "నర్సమ్మ పోయింది. లెయ్‌రా, పోదాం" అన్నాడు. అంతే.

మీలో చాలామందికి ఆమె తెలియదు. నంద్యాలలో ఒక ఆసుపత్రిలో ముప్పై ఏండ్లు నర్సుగా పనిచేసి, నిరుడు సొంతూరు ఆళ్లగడ్డకు వెళ్లిపోయింది. రోగిని తాకేముందు అరచేతులు కొంగుకు రుద్ది వెచ్చజేసుకునేది. "చల్లని చెయ్యి తగిలితే కండ బిగుసుకుంటాది, నిజం దాచుకుంటాది" అనేది.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో సంగతి. బేతంచెర్ల గనిలో ఒక బండ జారి నాయన భుజం మీద పడింది. నెల తిరిగేసరికి కమిలిన చోటు మామూలైంది గానీ కుడిచేతికి బలం రాలేదు. అన్నం ముద్ద కూడా నిలిచేది కాదు. గని మేస్త్రి నమ్మలేదు. "డాక్టరు రాసిస్తే కాపలా పని ఇస్తా. లేకుంటే సోమవారం నుంచి బండలెత్తాల్సిందే" అన్నాడు. ఆ చేత్తో ఎత్తితే ఈసారి బండ ఎక్కడ పడుతుందో మాకు తెలుసు.

నాయన నన్ను వెంటబెట్టుకుని నంద్యాల ఆసుపత్రికి పోయాడు. డాక్టరు రెండు వేళ్లు చాచి, "గట్టిగా పట్టుకో" అన్నాడు. నాయన కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "ఇప్పుడు ఎడమ చేత్తో." ఎడమ చేత్తోనూ అంతే.

"బాగున్న చేతిని కూడా బిగించడం లేదు. నటిస్తున్నాడు" అని డాక్టరు కాగితం లాక్కుని రాయసాగాడు. కొత్త మాట వినబడితే నోటుబుక్కులో రాసుకునే పిచ్చి నాది. 'నటిస్తున్నాడు' అనే ఆ మాటను మాత్రం రాసుకోలేదు. సోమవారానికి రెండు రోజులే ఉన్నాయి.

నర్సమ్మ ముందుకొచ్చింది. "ఏందప్పా, సరిగా పట్టుకోకుంటే ఎట్లా?"

"అయ్యగారి వేళ్లు ఎట్ల పిసికేదమ్మా? మాలాంటోళ్లకు ముట్టుకోనీకే భయం."

"ఓహో, అదా! అయితే నీ చేతిని నువ్వే పట్టుకో. నీకు నువ్వు మర్యాద చేసుకునే పనిలేదు గదా."

నాయన ఎడమ చేత్తో కుడి మణికట్టును నొక్కి వదిలాడు. నాలుగు వేళ్ల అచ్చులు ఎర్రగా మిగిలాయి. తర్వాత కుడిచేత్తో ఎడమ మణికట్టును నొక్కాడు. అచ్చు పడలేదు. మళ్లీ, మళ్లీ చేయించింది. ఒక్కసారీ పడలేదు.

"చెయ్యి చూడొద్దు సార్, మెడ చూడండి" అంది నర్సమ్మ. నాయన బలమంతా పెట్టి నొక్కుతుంటే మెడ మీద నరాలు తాళ్లలా లేచి ఉన్నాయి. కణతల మీదుగా చెమట కారుతోంది. డాక్టరు రాసింది కొట్టేసి, కొత్త కాగితం తీశాడు.

నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. అప్పుడు నాయన అడిగాడు: "అమ్మా, అయితే నా చెయ్యి నిజంగానే పోయినట్టా?"

డాక్టరు నమ్మితే చాలని వారం రోజులుగా దేవుణ్ణి వేడుకున్నవాళ్లం. నమ్మిన తర్వాత మిగిలేది ఇదేనని మాకెవరికీ తోచలేదు.

నర్సమ్మ అరచేతులు కొంగుకు రుద్ది వెచ్చజేసుకుంది. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని వేలు వేలూ సాగదీస్తూ కూర్చుంది. ఆ తర్వాత నాయన నంద్యాల వచ్చినప్పుడల్లా అదే పని. ఆమె ఆళ్లగడ్డ చేరాక నాయన అక్కడికీ బస్సెక్కి పోయేవాడు. "వస్తాదో రాదో నాకు తెల్దప్పా. బిగించు, ఇంకొంచెం బిగించు" అనేది. చెయ్యి రాలేదు. ఇప్పుడు ఆమె కూడా లేదు. నాయన ఎవరి దగ్గరికి పోవాలో నాకు తెలియడం లేదు.

ఆళ్లగడ్డ సమాధుల తోటలో ప్రార్థన ముగిశాక అందరూ పిడికెడు మన్ను వేశారు. నాయన వంతు వచ్చింది. ఎడమ చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నాడు. కుడిచేత్తో మన్ను తీశాడు. గుంత అంచుకు వచ్చేలోగా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. మళ్లీ వంగాడు. మళ్లీ జారింది.

"ఎడమ చేత్తో వెయ్యప్పా, ఏం కాదు" అన్నారెవరో వెనకనుంచి.

నాయన వినలేదు. పాస్టరు పుస్తకం మూసి నిలబడ్డాడు. నాయన మోకాళ్ల మీద కూర్చుని, ముడుచుకోని ఆ అరచేతిని మళ్లీ మట్టిలోకి దూర్చాడు.