మేనత్త నిద్రకు కాపలా

నా చిన్నప్పుడు ఒకసారి కోయంబత్తూరు దగ్గర తుడియలూరులోని మా ఇంటి గుమ్మానికి మా అవ్వ, అంటే నాన్న తల్లి, వేపమండలు కట్టింది. వాటిని చూస్తే ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని, లోపలికి వెళ్లకూడదని అందరికీ తెలుసు. నిజానికి ఎవరికీ ఏమీ పోయలేదు. ఇంట్లో ఉన్నది కడుపుతో పుట్టింటికి వచ్చిన మా మేనత్త.

ఆమెకు తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి కడుపుతో ఉండగా షుగర్ వచ్చింది. తీపి మానాలి, కంటినిండా నిద్రపోవాలి అంది డాక్టరమ్మ. రాత్రంతా దాహం, ఒంటేలు, కాళ్ల పీకులు. కాస్త కునుకు పట్టేది మధ్యాహ్నమే. సరిగ్గా అప్పుడే చుట్టాలు దిగేవారు. గాజులు తొడిగే వేడుక అయ్యాక తలా ఒక తీపి తెచ్చి, దగ్గరుండి తినిపించడం మావాళ్ల ఆనవాయితీ. వాళ్లు నిద్ర లేపి నోట్లో పెడితే మేనత్తకు కాదనడం రాదు. ఒకరోజు కూర్చున్నచోటే బావురుమంది. మర్నాడే అవ్వ వేపమండలు కట్టింది.

రోగిని నేనే. వసారాలో పడుకొని మూలగాలి. బడి తప్పింది కదా, మహా శ్రద్ధగా మూలిగాను. "మెల్లగా కన్నూ, అత్త నిద్ర చెడుతుంది" అని అవ్వే కసిరింది. అమ్మవారి పేరున అబద్ధమా అని మా అమ్మ హడలిపోతే, "ఆ అమ్మా ఆడదే కదా. ఆమెకు నేను చెప్పుకొంటా" అంది అవ్వ.

అందరూ వీధిలోంచే దండం పెట్టి వెళ్లిపోయారు. మేనత్త అత్తగారు మాత్రం అరిసెల్లాంటి అతిరసాల డబ్బాతో తోసుకొచ్చింది. "కడుపుతో ఉండే నా కోడల్ని అమ్మ పోసిన ఇంట్లో పెట్టినారా? ఇప్పుడే తోడుకొని పోతా!" అంటూనే, నా ఒంటిమీద ఒక్క పొక్కూ లేదని పసిగట్టింది. ఆవిడ ఇంట్లో కోడలు పగలు నడుం వాల్చడమే తప్పు.

అవ్వ గడపకు అడ్డంగా కూర్చుంది. "అవును సమ్మందీ, అబద్ధమే చెప్పినా. పోయినసారి బిడ్డ పోయె. ఈసారి ఇది పండుకోవాల. లేపాలంటే నన్ను దాటి పో."

వియ్యపురాలు కిటికీలోంచి తొంగి చూసింది. మేనత్త నోరు తెరుచుకొని ఆదమరిచి నిద్రపోతోంది. "పావం, ఇట్లా పండుకొని ఉండేది నేను చూడనేలేదు" అంటూ ఆవిడ అవ్వ పక్కనే కూలబడింది. ఆ మధ్యాహ్నం నుంచి కాపలాకు ఇద్దరయ్యారు. నెలలు నిండాక మేనత్తకు కొడుకు పుట్టాడు.

నిద్ర కూడా మందేనని, దానికోసం పదిమందితో పోట్లాడినా తప్పులేదని ఆ రోజు నా మనసుకు పట్టింది. ఇప్పుడు నా కోడలికి అదే షుగర్. మధ్యాహ్నం వచ్చినవాళ్లను వచ్చినట్టే తిప్పి పంపుతున్నాను. నన్ను గయ్యాళి అంటున్నారట. అననీ. లోపల పిల్ల నిద్రపోతోంది.