కుండీ తిప్పే తోటమాలి

రోజూ పొద్దున్నే, ఇంట్లో ఎవరూ లేవకముందే, ఆయన కిటికీ గట్టు మీది పూలమొక్క కుండీని పావు వంతు తిప్పేవాడు. ఆ తర్వాతే దేవుడికి దండం. ఈ వరసను దేవుడు ఏనాడూ తప్పు పట్టలేదు.

ఆఫీసులో ఆయన్ని తోటమాలి అనేవారు. మట్టి అంటని తోటమాలి. బొమ్మల సినిమాలకు కంప్యూటర్‌లో చెట్లు పెంచడం ఆయన పని. బొమ్మ గీయడు, సూత్రం రాస్తాడు. మొగ్గ ఉన్నచోట ఒక కాడ, ఆ కాడ చివర రెండు మొగ్గలు. మళ్ళీ ప్రతి మొగ్గకూ అదే సూత్రం. కొన్ని విడతలు నడిపితే చెట్టు, కాఫీ తాగి వచ్చేసరికి అడవి.

"మీ చెట్లు బడిపిల్లలు ప్రార్థనకి వరసగా నిలబడ్డట్టున్నాయండీ," అంది పై అధికారిణి. "నెలాఖరుకి వీటికి ప్రాణం రాకపోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తాను."

"మొక్కలు అలాగే పెరుగుతాయి మేడమ్. కావాలంటే మా ఇంటి మొక్కను తెచ్చి చూపిస్తాను."

నిజమే, ఆ మొక్క బద్ద పెట్టి పెంచినట్టు నిటారుగా ఉండేది.

మర్నాడే జ్వరం పట్టుకుంది. వారం తర్వాత మంచం దిగి చూస్తే, మొక్క మొత్తం కిటికీ వైపు ఒరిగిపోయి, పక్కింటి మాటలు వింటున్నట్టుంది. పక్కనే అత్తగారు బిక్కమొహంతో నిలబడింది. ఆ వారమంతా అల్లుడికి మందు, మొక్కకు నీళ్ళు వేళ తప్పకుండా పోసింది ఆవిడే.

"నీళ్ళు మానలేదు బాబూ. ఏం చేశానో ఏమో, నా చేతిలో నీ మొక్క వంకరపోయింది."

ఆయన కిటికీనీ, మొక్కనీ, చివరికి తన చేతినీ చూసుకున్నాడు. సూత్రానికి సాక్ష్యమని ఇన్నాళ్ళూ నమ్మింది ఆ చేతి పనినే.

"మీరేం చేయలేదు అత్తయ్యా. రోజూ తిప్పి తిప్పి, వెలుగు ఎటుందో దానికి తెలియకుండా చేసింది నేనే."

"దానికి తెలియకపోవడమేంటి నాయనా? నువ్వు తిప్పావు, అది ఊరుకుంది."

ఆ రోజే సూత్రానికి ఇంకో మాట కలిపాడు: ప్రతి విడతా కొమ్మ వెలుగు వైపు కాస్త ఒరగాలి. తెర మీది చెట్లు వరస తప్పాయి. అధికారిణి చాలాసేపు చూసింది.

"ఇప్పుడు నిజంగా ప్రార్థన చేస్తున్నాయి," అంది.

పని ఆయనకే నిలిచింది. చెయ్యి మాత్రం నిలవలేదు. మర్నాడు తెల్లారకముందే మళ్ళీ కుండీ మీదికే పోయింది. అలవాటుకు సూత్రం ఏం లెక్క? ఆయన కుండీని ఎత్తుకెళ్ళి అత్తగారి గది కిటికీలో పెట్టాడు.

"నాకో సాయం చేయండి అత్తయ్యా. ఇది మీ దగ్గరే ఉంచండి. పొద్దున్నే నేనొచ్చి తలుపు కొడితే, మెలకువగా ఉన్నా సరే, లేవకండి."