ఉప్పునీళ్లలో కారుబా

అమ్మ దాన్ని కారుబా అనేది. అసలు పేరు కహ్రుబా, అంటే గడ్డిని దోచుకునేది అని, పాతబస్తీ హకీం ఒకాయన అమ్మమ్మకు ఇస్తూ చెప్పాడట. చెట్టు జిగురు మట్టిలో యుగాలు పడి ఉండి గట్టిపడ్డ పసుపుపచ్చ పూస. మెడలో కట్టుకుంటే పసిరికలను, అంటే పచ్చకామెర్లను, లాగేస్తుందని మా ఇంటి నమ్మకం.

డిగ్రీలో నాకు పసిరికలు వచ్చినప్పుడు అమ్మ దాన్ని నల్లదారంతో నా మెడలో కట్టింది. రోజూ పొద్దున పూసను కొంగుకేసి రుద్ది, చీపురుపుల్ల తునకను అంటించి చూపేది.

"పుల్లనే గుంజుతది, నీ పసిరికలు గుంజదా?"

"దవాఖాన గోలీలకు గూడ జర పేరియ్యే అమ్మా."

తగ్గింది. గోలీల ఊసు ఎవరూ ఎత్తలేదు. నిజానికి నేనూ ఎత్తలేదు. పూసను పర్సులో దాచుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎన్ని కిరాయి ఇళ్లు మారినా అది పర్సు దాటలేదు.

మొన్న వానాకాలం మీర్‌పేట్‌లో బావకు పసిరికలని తెలిసి, పూస పట్టుకొని బండి మీద పోయాను. అక్క తలుపు తీసి, నా చేతిలోది చూసి పక్కకు జరిగింది. అమ్మ అప్పటికే అక్కడుంది. బావ నూనెలేని పప్పుతో కుస్తీ పడుతున్నాడు. ఆయన మెడలో నల్లదారం, దానికి కారుబా.

మా అమ్మమ్మకు ఉన్నది ఒక్కటే పూస.

బాగా ఉప్పు కలిపిన నీళ్లలో అసలుది తేలుతుందని చదివాను. గ్లాసు నీళ్లు అడిగి, ఉప్పు కలిపి రెండు పూసలూ వేశాను. బావది తేలింది. నాది ఏ మొహమాటమూ లేకుండా అడుగుకు పోయింది.

"అసలుది నాకెప్పుడు కట్టినవమ్మా?"

"కట్టలే. అక్క పెండ్లప్పుడే దానికిచ్చిన. అత్తగారింటికి పోయే పిల్ల గదా."

"మరి నాకు?"

"చౌరస్తల గాజుల బండి మీద కొన్న. నువ్వు నవ్వుతుంటివి గదరా. నవ్వెటోనికి ఏ పూసైతేంది?"

"పుల్ల ఎట్లంటింది మరి?"

"ప్లాస్టిక్ గూడ గుంజుతది బిడ్డా. తగ్గిందా లేదా?"

బావ తల ఎత్తాడు. "పోనియ్ బామ్మర్దీ. నాకు అసలుది కట్టినా తగ్గుతలేదు."

అందరూ నవ్వారు. ఆ ఇంట్లో నేను కాక వేరేవాళ్లు నవ్వించడం అదే మొదలు. నేను నవ్వింది అమ్మ కోసం, ఆమె దిగులు పడొద్దని; పూసను నమ్మింది నా కోసమని చెబుదామనుకున్నాను. చెబితే అదీ జోకే అనుకుంటుంది.

పూస తీసి తుడిచాను. అలవాటుగా పర్సు తెరిచాను. అమ్మ చూస్తోంది. పర్సు మూసి, పూసను చొక్కా జేబులో బండి తాళంతో పాటు పడేశాను.