పోర్టుల సీనియారిటీ జాబితా

జగన్నాధం చదివింది పదో తరగతి. ఆమదాలవలసలో టీవీలు బాగుచేసి, తరవాత కేబుల్ తీగలు లాగి, చివరికి విజయనగరం అవతల ఒక ఇంజినీరింగు కాలేజీలో ఎలక్ట్రీషియనుగా కుదిరాడు. అక్కడి నెట్‌వర్కు మనిషి మానేసి వెళ్లిపోతే ఆ పని కూడా ఇతని మీదే పడింది. ఎవరూ నేర్పలేదు. స్విచ్చికి లాప్‌టాప్ తగిలించి ప్రశ్నార్థకం కొడితే, తరవాత ఏ మాట రాయొచ్చో ఆ పెట్టే వరసగా చూపిస్తుంది. "మనుషుల్ని రెండుసార్లడిగితే ఇసుక్కుంటారు. ఇది ఇసుక్కోదు," అనేవాడు.

స్విచ్చంటే నలభై ఎనిమిది పోర్టులున్న ఇనప పెట్టె. ప్రతి గది నుంచీ ఒక తీగ వచ్చి ఒక పోర్టులో దిగుతుంది. ఏ పోర్టులో ఎవరి తీగ ఉంది, దానికి ఆఫీసు దారి తెరవాలా, లాబ్ దారి తెరవాలా అన్నదంతా పెట్టెలోని కాన్ఫిగరేషన్ ఫైల్లో ఉంటుంది. తొమ్మిదేళ్లుగా ఆ ఫైలు రాసేది జగన్నాధమే. అందులో ఒక్క అబద్ధపు లైను లేదు. మూడో అంతస్తులో నెట్ పోయిందని ఫోనొస్తే, అన్నం ముందు నుంచి లేవకుండానే ఏ తీగ పీకి పెట్టాలో చెప్పేవాడు. అతనికున్న గర్వమల్లా అదొక్కటే.

ఒక సోమవారం ప్రిన్సిపాల్ రంగనాథం ఎండకి తాళలేక ఏసీ ఉన్న సర్వర్ గదిలోకి వచ్చి నిలబడ్డాడు. ఊరికే ఉండలేక అడిగాడు.

"ఇందులో నేనెక్కడున్నాను?"

"ముప్పై ఏడు సార్."

"ఒకటెవరు?"

"సైకిల్ స్టాండు కెమెరా సార్."

"అంటే అది నాకంటే సీనియరా?"

"నంబరుకీ స్పీడుకీ సమ్మందం లేదు సార్. తీగ ఎక్కడికందితే అక్కడ పెట్టాను."

"స్పీడు మాట నేనడిగానా?"

మర్నాడు కమిటీ వేశారు. అది మూడు వారాలు కూర్చుంది. సివిల్ హెడ్ కన్యాకుమారి మేడమూ, మెకానికల్ హెడ్ దేవేంద్రా ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. ఆవిడ పొద్దున్న చేరింది, ఆయన మధ్యాహ్నం. "రైలు గేటు పడకపోతే నేనే ముందు," అని దేవేంద్ర రాతపూర్వకంగా ఇచ్చాడు. ఆ రోజు గేటు ఎంతసేపు పడిందో చెప్పేవాళ్లు దొరక్క, ఆవిణ్ణి నాలుగులోనూ, చేసేవాడు లేని ఆడిట్ పని నెత్తినేసుకున్నందుకు ఆయన్ని రెండులోనూ ఉంచారు. ఒకటిలో ప్రిన్సిపాల్, ఆ వెనక పర్మినెంటు ఉద్యోగులు, తరవాత కొన్న తేదీని బట్టి యంత్రాలు, ఆ తరవాత కాంట్రాక్టు మనుషులు. నలభై ఎనిమిదోది జగన్నాధం. శుక్రవారానికి మార్చకపోతే కాంట్రాక్టు పొడిగించేది లేదని ఆర్డరు కింద రాశారు.

జగన్నాధం జాబితా రెండుసార్లు చదివి దేవేంద్ర దగ్గరికి వెళ్లాడు.

"ఒక తీగ మరిసిపోయారండి. బయట నించి నెట్ తెచ్చే తీగ."

"అది ఏ డిపార్టుమెంటు?"

"ఏదీ కాదండి."

"మనం కొన్నామా?"

"లేదండి, కంపెనీవోళ్లది."

"అయితే జాబితాలోకి ఎలా వస్తాది? సెప్పింది సెయ్."

లాబ్ అసిస్టెంటు నరేష్‌కి అతన్ని చూస్తే జాలేసింది. "మావా, తీగలు కదపకు. ఫైల్లో పేర్లు మార్సీసి, ముందర స్టిక్కర్లు అంటించీ. లోపలికెవుడు సూస్తాడు?"

"ఒరే, రేపు నేను లేనప్పుడు నెట్ పోతాది. నువ్వు ఆ ఫైలు సూసి ఒకరి తీగనుకుని ఇంకొకరిది పీకుతావు. అప్పుడు నన్నేటంటావు?"

"మరి ఉజ్జోగం?"

"ఆర్డర్లో ఉన్నట్టే సేస్తాను. తీగల్తో సహా."

రెండు రోజులు నేల మీద కూర్చుని ఒక్కొక్క తీగనీ, దాని లైన్లనీ మార్చాడు. శనివారం పొద్దున్నకి అందరికీ తగిన నంబరు వచ్చింది. ఎవరికీ నెట్ రాలేదు.

"ఏటయ్యా ఇది?" అన్నాడు రంగనాథం. నాలుగింటికల్లా యూనివర్సిటీకి మార్కులు పంపాలి.

"బయటి తీగకి సోటు లేదు సార్. నాది తీసీసి అక్కడ పెడతాను."

"జాయినింగ్ డేటు లేకుండా ఎక్కడా పెట్టడానికి వీల్లేదు. ఆడిట్‌లో పట్టుకుంటారు," అన్నాడు దేవేంద్ర.

తేదీ కోసం బీరువాలన్నీ గాలించారు. మూడింటికి పాత కాగితం దొరికింది. ఆ తీగ కాలేజీలోకి వచ్చింది రెండువేల పదిలో. ప్రిన్సిపాల్ వచ్చింది పన్నెండులో. అందరికంటే అదే సీనియరు.

రంగనాథం గడియారం చూశాడు, కాగితం చూశాడు, సంతకం పెట్టాడు. బయటి తీగ ఒకటిలోకి వెళ్లింది, ప్రిన్సిపాల్ రెండులోకి దిగాడు, మిగతావాళ్లంతా ఒక్కో మెట్టు. ఆఖరికి జగన్నాధానికి పోర్టే లేదు. నలభై ఎనిమిది తీగలూ గంటలో మార్చాడు. మార్కులు వెళ్లాయి.

ఇంటికి వెళ్తూ రంగనాథం గుమ్మంలో ఆగాడు. "రెండో నంబరు మహా బాగుందయ్యా. ముప్పై ఏడులో ఈ సుఖం లేదు."

ఆయన వెళ్లాక జగన్నాధం ఫైలు తెరిచి ఒక్కో లైనూ చదివాడు. నరేష్ ఆ నంబరులో ఉన్న తీగ పట్టుకుని దాని మీది చీటీ చదివాడు. రెండో లైను దగ్గరే ఆగిపోయారు. రెండులో ఉన్నది దేవేంద్ర. ప్రిన్సిపాల్ మూడులో ఉన్నాడు. హడావిడిలో తారుమారయ్యాయి.

"వదిలీ మావా. ఆయన సంతోషంగా ఉన్నాడు కదా."

"ఫైల్లో రెండని ఉన్నాది."

రెండు తీగలూ పీకి మార్చాడు. పచ్చ దీపాలు వెలిగేదాకా చూశాడు. మిగతా నలభై ఐదూ సరిపోల్చి, అప్పుడు సేవ్ చేశాడు.

సోమవారం తొమ్మిదింబావుకి రంగనాథం దగ్గర్నించి ఫోనొచ్చింది.

"జగన్నాధం, నెట్ బాగా స్లో అయిపోయింది. ఏటి సేశావు?"

"మిమ్మల్ని రెండులో పెట్టాను సార్."